పెద్ద స్లైడ్-ఇన్ క్యాంపర్‌కు ఏ పికప్ కొనాలి? ముందు డ్రైవర్ తలుపు తెరిచి స్టిక్కర్ చదవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్ దగ్గర ఉంటున్నారు, మీరిద్దరూ ఇద్దరు పిల్లలూ. రెండు స్లైడ్-అవుట్‌లు (ఆపినప్పుడు గోడలోంచి బయటకు జరిగే గది భాగాలు), విడిగా షవర్ ఉన్న పెద్ద స్లైడ్-ఇన్ క్యాంపర్ నచ్చింది. దాన్ని మోయడానికి 2019 మోడల్ ముప్పావు టన్ను డీజిల్ పికప్, నాలుగు తలుపులది, పొట్టి బెడ్‌ది (బెడ్ అంటే వెనక సామాను వేసే తొట్టి) చూశారు. ముప్పావు టన్ను, ఒక టన్ను అనేవి తరగతి పేర్లే, బండి మోసే అసలు బరువు కాదు. ఇది 18,000 పౌండ్లు లాగుతుంది, 4,000 పౌండ్ల క్యాంపర్ దీనికో లెక్కా, వెనక కుంగితే ఎయిర్ బ్యాగులు (ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య పెట్టే గాలి తిత్తులు) వేయించుకోండి అని సేల్స్ అతను చెప్పాడు. తీసుకోవచ్చా అని అడిగారు.

తీసుకోవద్దు. అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే వెనక్కి అడగండి. ఆ ట్రక్కు మంచిదే కావచ్చు, కానీ ఈ పనికి సరిపోదు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. అప్పుడు వెనక సీట్లో నా పిల్లలు కూర్చుని ఉన్నారు.

ఈ సంగతి కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. స్లైడ్-ఇన్ క్యాంపర్ అంటే వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్ కాదు. పికప్ బెడ్‌లో దూర్చి కూర్చోబెట్టే చిన్న ఇల్లు. మంచం డ్రైవర్ క్యాబిన్ నెత్తి మీదకు వస్తుంది. వంటగట్టు, ఫ్రిజ్, బాత్రూం, నీళ్ల ట్యాంకులు అన్నీ అందులోనే. దాని బరువంతా ట్రక్కే మోయాలి. చిక్కంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. లాగడం వేరు, మోయడం వేరు. లాగేటప్పుడు బరువులో ఎక్కువ భాగం ట్రైలర్ సొంత చక్రాల మీద ఉంటుంది, మీ ఇంజన్ దాన్ని ఈడుస్తుంది. మోసేటప్పుడు ప్రతి పౌండూ మీ ట్రక్కు వెనక ఇరుసు మీద, స్ప్రింగుల మీద, రెండు టైర్ల మీద పడుతుంది. సేల్స్ అతను చెప్పిన 18,000 లాగుడు లెక్క. మీకు కావలసింది మోత లెక్క, అంటే పేలోడ్.

ఆ లెక్క బ్రోచర్‌లో వెతక్కండి. బ్రోచర్‌లో ఉండేది ఆ మోడల్లో అన్నిటికన్నా తేలికైన ట్రక్కుకు వచ్చే అంకె. రెండే తలుపులు, గుడ్డ సీట్లు, టూ వీల్ డ్రైవ్ ఉన్న ట్రక్కుది. మీరు కొనే ట్రక్కు అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఉంటుంది. పసుపు, తెలుపు రంగుల్లో ఉన్న స్టిక్కర్ మీద, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని రాసి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ ట్రక్కుకు పెట్టిన సన్‌రూఫ్, తోలు సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ బరువంతా తీసేయగా మిగిలిన అంకె అది. దాని పక్కనే ఇంకో లేబుల్ మీద జీవీడబ్ల్యూఆర్ ఉంటుంది, అంటే బండీ సరుకూ కలిపి మొత్తం ఎంత ఉండొచ్చో ఆ హద్దు. ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒక్కొక్కటి ఎంత మోయొచ్చో కూడా దాని మీదే ఉంటుంది. ఆ రెండు స్టిక్కర్లకూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఫొటో పంపడానికి ఇష్టపడని డీలర్ దగ్గరికి నేనైతే మళ్లీ వెళ్లను.

మీరు చూసిన తరగతి ట్రక్కుల్లో జీవీడబ్ల్యూఆర్ చాలావాటికి 10,000 పౌండ్లు ఉంటుంది. నాలుగు తలుపులు, డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ఖాళీ బండే 7,700 దాకా తూగుతుంది. ఇక మిగిలేది 2,300. దీన్ని గుర్తుపెట్టుకుని ఇప్పుడు క్యాంపర్ వైపు రండి.

క్యాంపర్ బ్రోచర్‌లో ఉండేది డ్రై వెయిట్. నీళ్లు, గ్యాస్, సామాను లేకుండా తూచిన బరువు. చాలాసార్లు అందులో ఏసీ, జనరేటర్, ఆనింగ్ (ఎండకు పక్కన పరుచుకునే పందిరి) కూడా కలిసి ఉండవు, ఎందుకంటే అవి ఆప్షన్లు. మీరు చెప్పిన లాంటి క్యాంపర్‌కు 3,900 అనుకుందాం. ఆప్షన్లకు ఒక 400. మంచినీళ్ల ట్యాంకు 45 గ్యాలన్లు, గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, అంటే 375. ప్రొపేన్ సిలిండర్లు రెండిట్లో గ్యాస్ 60. కట్టిపడేసే గొలుసులు, బిగించే టర్న్‌బకిల్స్, ఛాసిస్‌కు పెట్టే బ్రాకెట్లు కలిపి 100. ఇక మన సామాను. నలుగురి బట్టలు, దుప్పట్లు, మడత కుర్చీలు, పనిముట్లు, తిండి. నేను మొదట 200 అనుకున్నాను. ఒకసారి ట్రిప్పు నుంచి వచ్చాక ఒక్కొక్కటీ బాత్రూం స్కేలు మీద తూస్తే 500 దాటింది. మన వంటగది తేలికైంది కాదు. కుక్కర్, మందపాటి బాణలి, ఇరవై పౌండ్ల సోనామసూరి సంచి, పప్పులు, పచ్చడి సీసాలు, పిల్లలకని రెండు కేసుల నీళ్ల బాటిళ్లు. అన్నీ కలిపితే 5,335 పౌండ్లు.

ఇంకా మనుషులు ఎక్కలేదు. నలుగురికి 470 వేసుకుంటే 5,805. మీరు చూసిన ట్రక్కు మోయగలిగింది 2,300. ఇక్కడ కొంచెం అటూ ఇటూ అని సర్దుకోవడానికి ఏమీ లేదు. హద్దుకు రెండున్నర రెట్లు పెడుతున్నారు.

ఇప్పుడు నా సంగతి. 2012లో నేను మీకన్నా చిన్న క్యాంపరే కొన్నాను, ఒకే స్లైడ్-అవుట్ ఉన్నది, బ్రోచర్‌లో 2,900 పౌండ్లు. అప్పటికే నా దగ్గర ముప్పావు టన్ను డీజిల్ ఉంది. క్యాంపర్ అమ్మినతను ఎయిర్ బ్యాగులు పెట్టించి, చూడండి, బండి ఎంత సమంగా నిలబడిందో అన్నాడు. నిజంగానే సమంగా నిలబడింది. ఏడాది పాటు ఏమీ కాలేదు. చుట్టుపక్కల సరస్సులకు తిరిగాం. ఏమీ కాకపోవడం వల్లే ధైర్యం పెరిగింది.

2013 జూలైలో కొలరాడో బయల్దేరాం. మనవాళ్లందరూ వెళ్లే దారే, 287 హైవే మీద విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో. బయట వంద డిగ్రీలు దాటిన ఎండ, పక్కనుంచి కొట్టే గాలి. చిల్డ్రెస్ ఇంకో పది మైళ్లుందనగా వెనక ఎడమ టైరు పేలింది. శబ్దం కన్నా ముందు బండి ఒక పక్కకు ఒరిగింది. నెత్తి మీద అంత ఎత్తున ఇల్లు ఉన్నప్పుడు ఆ ఒరుగు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. బ్రేకు తొక్కకుండా స్టీరింగ్ గట్టిగా పట్టుకుని మెల్లగా పక్కకు తీసుకురాగలిగాను. నా భార్య రెండు చేతులూ వెనక్కి చాచి పిల్లల కాళ్లు పట్టుకుని ఉంది. టైరు ముక్కలు వెనక మడ్‌గార్డును చీల్చుకుని క్యాంపర్ అడుగున తగిలాయి. సాయం వచ్చేసరికి మూడు గంటలు పట్టింది.

మర్నాడు అమరిల్లోలో లారీలు ఆగే చోట క్యాట్ స్కేల్ అనే లారీల కాటా మీదకు ఎక్కించాను. కొన్న ఏడాది తర్వాత మొదటిసారి తూచడం. వెనక ఇరుసు మీద 7,180 పౌండ్లు. నా టైర్లు ఒక్కొక్కటి 80 పీఎస్ఐ గాలితో 3,195 మోయగలవు, రెండూ కలిపి 6,390. ఏడాది పాటు ఆ టైర్లు తమ శక్తికి మించి దాదాపు 800 పౌండ్లు మోశాయి. ఎయిర్ బ్యాగులు చేసిందల్లా ఆ సంగతి నా కంటికి కనపడకుండా దాచడమే.

ఎయిర్ బ్యాగుల గురించి అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. అవి చెడ్డవి కావు. ఇప్పుడు నా బండికీ ఉన్నాయి. కుంగిన వెనక భాగాన్ని పైకి లేపి హెడ్‌లైట్లు ఆకాశాన్ని చూడకుండా చేస్తాయి, ఎడమా కుడీ తేడాను సరిచేస్తాయి. కానీ ఇరుసు బలం పెంచవు, బేరింగుల బలం పెంచవు, బ్రేకుల్ని, చక్రాల రిమ్ముల్ని, టైర్లని మార్చవు. స్టిక్కర్ మీది అంకె మారదు. సరిపోయే ట్రక్కు మీద అవి సుఖాన్నిస్తాయి. సరిపోని ట్రక్కు మీద అవి ప్రమాదాన్ని కప్పిపెడతాయి.

సరే, మరి ఏది కొనాలి? మీ క్యాంపర్‌కైతే నా సమాధానం ఒకటే. ఒక టన్ను తరగతి, వెనక నాలుగు చక్రాలున్న డ్యూయలీ, ఎనిమిది అడుగుల పొడుగు బెడ్. ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500, షెవీ లేదా జీఎంసీ 3500, వీటిలో ఏదైనా సరే డ్యూయలీ అయి ఉండాలి. ఈ మధ్య మోడళ్లలో వీటి జీవీడబ్ల్యూఆర్ 14,000 పౌండ్ల దాకా ఉంటుంది. నాలుగు తలుపుల డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్, ఖరీదైన ట్రిమ్ (అంటే హంగుల స్థాయి) అయితే ఖాళీగానే 8,300 దగ్గర తూగుతుంది, మోయడానికి 5,700 మిగులుతుంది. అదే పెట్రోల్ ఇంజన్, గుడ్డ సీట్లు, టూ వీల్ డ్రైవ్ అయితే 6,400 దాకా మిగులుతుంది. మన లెక్క 5,805 కదా. చూశారా, డ్యూయలీ కొన్నా కూడా ట్రిమ్ చూసుకోకపోతే హద్దు దాటిపోతాం.

వెనక రెండే చక్రాలున్న ఒక టన్ను బండి చాలదా అని చాలామంది అడుగుతారు. రోజూ ఆఫీసుకు కూడా అదే నడపాలి, డ్యూయలీ అయితే కష్టం అంటారు. టైర్ల లెక్క వేసి చూద్దాం. ఆ బండ్లకు సాధారణంగా వచ్చే 275/70ఆర్18 టైరు ఒక్కోటి 3,640 పౌండ్లు మోస్తుంది. రెండిటికీ 7,280. ఖాళీ డీజిల్ బండి వెనక ఇరుసు మీద 3,100 ముందే ఉంటుంది. క్యాంపర్ బరువు దాదాపు అంతా వెనక ఇరుసు మీదే పడుతుంది కాబట్టి 3,100కు 5,335 కలపండి. 8,435. కుదరదు. కొందరు 19.5 అంగుళాల లారీ రకం చక్రాలు వేయించుకుంటారు. టైరు బలం పెరుగుతుంది, నిజమే. ఇరుసు హద్దు, జీవీడబ్ల్యూఆర్ ఉన్నచోటే ఉంటాయి. స్లైడ్-అవుట్ లేని, 2,500 పౌండ్ల లోపు క్యాంపర్‌కైతే వెనక రెండు చక్రాల ఒక టన్ను బండి చక్కగా సరిపోతుంది. మీకు ఆ ట్రక్కే కావాలంటే క్యాంపర్ చిన్నది చూసుకోండి. అదీ మర్యాదైన దారే, అందులో తప్పేమీ లేదు.

డ్యూయలీలో ఇంకో మేలుంది. వెనక ఒక టైరు పోయినా ఆ పక్క ఇంకో టైరు నిలబెడుతుంది. పక్కగాలికి బండి ఊగడం బాగా తగ్గుతుంది. అదే 287 మీద, అదే గాలిలో, ఇప్పుడు ఒక చేత్తో నీళ్ల సీసా తీసుకోగలుగుతున్నాను.

ముప్పావు టన్ను, ఒక టన్ను బండ్లకు పైనుంచి చూస్తే తేడా తెలియదు, అందుకే జనం మోసపోతారు. ఉదాహరణకు రామ్ 2500కు 2014 నుంచి వెనక కాయిల్ స్ప్రింగులు వస్తున్నాయి, ఖాళీగా తిరిగినప్పుడు కారులా మెత్తగా ఉంటుంది. 3500కు లీఫ్ స్ప్రింగులు, మన ఊళ్లో లారీలకుండే కమాన్ కట్టల్లాంటివి. అలాగే ఆఫ్-రోడ్ ముస్తాబుతో వచ్చే బండ్లు, పవర్ వ్యాగన్ లాంటివి, చూడ్డానికి భీకరంగా ఉంటాయి గానీ స్ప్రింగులు మెత్తన. మోసేది తక్కువ.

ఇంకా పెద్దది కొందాం, ఎఫ్-450 అయితే గొడవే ఉండదు అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎఫ్-450 పికప్ జీవీడబ్ల్యూఆర్ కూడా 14,000 పౌండ్లే. బండి మాత్రం ఎఫ్-350 డ్యూయలీ కన్నా బరువు. కాబట్టి మోయడానికి మిగిలేది చాలాసార్లు తక్కువే. అది లాగడానికి చేసిన బండి. ముందు చక్రాలు బాగా తిరుగుతాయి, ఇరుకు సందుల్లో అది హాయి, కానీ పేలోడ్ కోసం దానికి ఎక్కువ డబ్బు పోయకండి. 550, 5500 అనే ఛాసిస్ బండ్లు నిజంగా ఎక్కువ మోస్తాయి, కానీ వాటికి పికప్ బెడ్ రాదు. దాని మీద ప్రత్యేకంగా బెడ్ కట్టించుకోవాలి. మొదటిసారి కొనేవాళ్లకు ఆ శ్రమ అక్కర్లేదు.

డీజిలా పెట్రోలా అన్న దాని మీద వాదనలు తెగవు. నా అనుభవం చెప్తాను. నేను ముందు డీజిల్ వాడాను, ఇప్పుడు 2021 ఎఫ్-350 డ్యూయలీ, 7.3 లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజన్‌ది నడుపుతున్నాను. ఆ ఇంజన్ 2020 మోడల్‌తో వచ్చింది. డీజిల్ ఇంజన్ ఉంటే బండి బరువు 600 నుంచి 800 పౌండ్లు పెరుగుతుంది. ఆ మేరకు మీ పేలోడ్ తగ్గుతుంది. నా క్యాంపర్‌కు ఆ 700 పౌండ్లే అటో ఇటో తేల్చాయి.

డీజిల్ వల్ల సుఖం లేదని కాదు. టర్బో ఉంటుంది కాబట్టి ఎత్తుకు వెళ్లినా శక్తి పెద్దగా తగ్గదు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌కు ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం శక్తి పోతుంది. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి చేరేసరికి నా ఇంజన్ శక్తిలో మూడో వంతు పోతుంది. కుడి లేన్‌లో లారీల వెనక 40 మైళ్ల వేగంతో ఎక్కుతాను. నాకది ఇబ్బంది కాదు. దిగేటప్పుడే డీజిల్ నిజంగా గొప్పది. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ బయటకు పోకుండా అడ్డుకుని ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) వేస్తే కాలు పెట్టే పని లేకుండా బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోల్ బండిలో గేర్లు ముందే తగ్గించుకుని, టో-హాల్ మోడ్ (బరువున్నప్పుడు గేర్లు మారే తీరును సర్దే మీట) పెట్టుకుని, ఓపిగ్గా దిగాలి. క్యాంపర్ వెనక కారో పడవో కూడా లాగుతారా? ప్రతి నెలా కొండలేనా? అయితే డీజిల్ తీసుకోండి, కానీ ట్రిమ్ తక్కువది, టూ వీల్ డ్రైవ్ అయినా ఫరవాలేదనుకుంటే అదీ. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు, మిగతా రోజుల్లో ఇంటి చుట్టూ చిన్న తిరుగుళ్లు అయితే పెట్రోలే మేలు. చిన్న చిన్న దూరాలు నడిపితే డీజిల్ బండి పొగగొట్టంలోని మసి ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కదు, మరమ్మతులు మొదలవుతాయి. పెట్రోల్‌లో వెనక ఇరుసు గేర్ నిష్పత్తి 4.30 దొరికితే అదే తీసుకోండి.

బెడ్ పొడుగు గురించి మీరు అడగలేదు గానీ అది చాలా ముఖ్యం. మీరు చూసింది ఆరున్నర అడుగుల పొట్టి బెడ్. పెద్ద క్యాంపర్ దాని మీద కూర్చుంటే వెనక భాగం గాల్లోకి బాగా పొడుచుకొస్తుంది, బరువు మధ్యబిందువు వెనక ఇరుసును దాటి వెనక్కి పోతుంది. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎడ్లబండికి వరిగడ్డి వేసేటప్పుడు తాతయ్య ముందు బరువు, వెనక బరువు చూసి చూసి మోపులు జరిపించేవాడు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడల్ని పట్టేస్తుంది, బండి అదుపులో ఉండదు. ఇక్కడ ఎద్దుల బదులు ముందు చక్రాలు. వెనక బరువైతే ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగ్ తిప్పినా, బ్రేకు తొక్కినా రోడ్డును సరిగా పట్టవు. క్యాంపర్ పక్కన దాని మధ్యబిందువు ఎక్కడుందో గుర్తు వేసి ఉంటుంది. బెడ్‌లో పెట్టాక ఆ గుర్తు వెనక ఇరుసు మధ్యకు ముందు ఉండాలి. ట్రక్కు తయారీదారులు క్యాంపర్ ఎంత బరువుండొచ్చు, ఆ మధ్యబిందువు బెడ్‌లో ఏ హద్దుల మధ్య ఉండాలి అనేది కొనేవాళ్లకు తెలపాలని ఇక్కడ ఫెడరల్ నియమమే ఉంది. ఓనర్స్ మాన్యువల్‌తో వచ్చే కాగితాల్లో చూడండి. కొన్ని బండ్లకు, ఈ వాహనం క్యాంపర్‌కు సిఫారసు చేయబడలేదు అని కూడా రాసి ఉంటుంది. ఫోర్డ్ కొత్త బండి ఆర్డర్ చేసేటప్పుడైతే క్యాంపర్ ప్యాకేజీ అడగండి.

డ్యూయలీతో బతకడం గురించి కూడా చెప్పాలి, మీ ఇంట్లోవాళ్లు ముందే వినాలి. వెనక వెడల్పు 8 అడుగులు. నాలుగు తలుపులు, పొడుగు బెడ్ అయితే పొడవు 22 అడుగులు. మన ఇండియన్ స్టోర్ల పార్కింగ్‌లో దూరంగా చివర ఆపి నడవాలి. మామూలు కార్ వాష్‌లో పట్టదు. జయాన్ పార్కులోని టన్నెల్ దగ్గర 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ, 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ దాటితే పెద్ద వాహనం కిందే లెక్క. డ్యూయలీ మీద క్యాంపర్ ఈ రెండూ దాటుతుంది. వెళ్లేముందు ఆ రోజుకు అమల్లో ఉన్న నియమం పార్క్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మధ్యభాగంలో 21 అడుగుల పొడవు దాటిన బండ్లను అసలు పోనివ్వరు. కిందే ఆపి పార్కు బస్సు ఎక్కాలి. మేం అలాగే చేశాం, పిల్లలకు అదే ఎక్కువ నచ్చింది. ఇంకోటి, మీ కాలనీ హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు. మీ ఇంటి ముందు క్యాంపర్ ఎన్ని రోజులు ఉంచనిస్తారో కొనేముందే చదవండి.

క్యాంపర్ నాలుగు మూలలా జాకీలు ఉంటాయి కదా, వాటి మీద దాన్ని పైకెత్తి ట్రక్కును కిందకు రివర్స్ చేయాలి. డ్యూయలీ వెడల్పు మడ్‌గార్డులు ముందు జాకీలకు తగులుతాయి. బయటకు తిరిగే బ్రాకెట్లు ఉన్న క్యాంపరే తీసుకోండి, లేదా పెట్టించుకోండి. కొత్త ట్రక్కుల బెడ్ గోడలు, క్యాబ్ కప్పు ఎత్తు పెరిగాయి. క్యాంపర్ మంచం అడుగుభాగం క్యాబ్‌కు తగలకుండా బెడ్‌లో ఎత్తు వేయాల్సి రావచ్చు. టేపు పెట్టి కొలవకుండా సంతకం చేయకండి. బెడ్‌లో స్ప్రే లైనర్ ఉంటే అది జారుతుంది, దాని మీద మందపాటి రబ్బరు మ్యాట్ తప్పనిసరి. కట్టిపడేసే కొక్కేలు ఛాసిస్‌కే బిగించాలి. బెడ్ రేకుకు బిగించేవి ఇంత బరువుకు ఆగవు. బయల్దేరిన 50 మైళ్లకు ఒకసారి దిగి టర్న్‌బకిల్స్ చేత్తో తిప్పి చూడండి, మొదటిరోజు కచ్చితంగా కొంత వదులవుతాయి.

మీ బడ్జెట్‌కు పాత డ్యూయలీయే వస్తుంది కాబట్టి చూడాల్సినవి రెండు మూడు చెప్తాను. లోపలి టైర్లు వంగి చూడండి. బయటివి కొత్తవి వేసి లోపలివి అరిగినవి ఉంచడం చాలాసార్లు చూశాను. టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైర్లతో ఈ బరువు మోయకండి, పైకి ఎంత కొత్తగా కనిపించినా సరే. ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చిన బండి అయితే ఛాసిస్ కిందకు దూరి తుప్పు చూడాలి. బెడ్‌లో గూస్‌నెక్ రంధ్రం (పెద్ద ట్రైలర్ తగిలించడానికి చేసేది) ఉంటే భయపడక్కర్లేదు గానీ ఎంత లాగారో, ఎన్నాళ్లు లాగారో అడగండి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటి. క్యాంపర్ ముందు తేల్చుకోండి, ట్రక్కు తర్వాత. అందరూ తలకిందులుగా చేస్తారు, నేనూ అలాగే చేశాను. మీకు నచ్చిన క్యాంపర్ అమ్మేచోటికి వెళ్లి దాని వెనక తలుపు దగ్గర గానీ అల్మారా లోపల గానీ అంటించిన బరువు లేబుల్ ఫొటో తీయండి, బ్రోచర్ కాదు. దానికి పైన నేను వేసినట్టు మీ నీళ్లు, మీ సామాను, మీ మనుషుల బరువు కలపండి. ఆ మొత్తానికి కనీసం 300 పౌండ్లు ఎక్కువ రాసి ఉన్న స్టిక్కర్ కోసం వెతకండి. ఒకటి రెండు నెలలు పడుతుంది. పట్టనివ్వండి, ఈ ఎండాకాలం ట్రిప్పు పోయినా పోనివ్వండి.

కొన్నాక నిండా నీళ్లు పట్టి, నలుగురూ ఎక్కి, మొదటి ట్రిప్పుకు ముందే దగ్గర్లోని ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఎక్కండి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనకవి రెండో పలక మీద ఉండాలి. చీటీ మీద రెండు ఇరుసుల బరువూ విడివిడిగా వస్తుంది. ఆ చీటీలో రెండో అంకెను తలుపు దగ్గరి వెనక ఇరుసు అంకెతో పోల్చండి. ట్యాంకు నిండుగా ఉన్నా తక్కువే వస్తే హాయిగా వెళ్లండి. ఎత్తు కూడా ఏసీ పైదాకా కొలిచి కాగితం మీద రాసి డ్రైవర్ ముందు అంటించుకోండి. మా బండి 12 అడుగుల 7 అంగుళాలు.

ఈలోగా ఏదైనా డ్యూయలీ కంటపడితే రెండు స్టిక్కర్ల ఫొటోలు, క్యాంపర్ లేబుల్ ఫొటో ఇక్కడ పెట్టండి. బండి నంబరు, వీఐఎన్ (తయారీదారు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కనపడకుండా చెరిపేయండి. సాయంత్రం పిల్లలు పడుకున్నాక కూర్చుని లెక్క వేసి చెప్తాను.